ఆగమన్నప్పుడల్లా ఆగినవాడు

కొండ దారి మలుపులో, రోడ్డు పక్కన గడ్డి మీద, అక్షయ రెండు నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడి ఉంది. సీసాలు అందించాల్సిన టీమ్ మనిషికి పొద్దున్నే జ్వరం రావడంతో, రేసు చూద్దామని మ్యూనిక్ నుంచి వచ్చిన ఆమెకి ఆ పని అంటగట్టారు. సీసాని మెడ దగ్గర పట్టుకోవాలి, రైడర్ చెయ్యి తగలగానే వదిలెయ్యాలి, అంతే. అయినా అరచేతులకి చెమటలు పడుతుంటే మాటిమాటికీ ప్యాంటుకి తుడుచుకుంటోంది.

ఆమె గుబులంతా తమ్ముడు విశ్వతేజ గురించి. జర్మనీ చుట్టూ సాగిన ఈ రేసుకి ఇవాళే ఆఖరి రోజు. స్పెయిన్‌లో జరిగే మూడు వారాల పెద్ద రేసుకి ఎవరెవరు వెళ్లాలో టీమ్ డైరెక్టర్ పెట్రా రేపు తేల్చేస్తుంది. ఆ జట్టులో తేజ పేరు లేకపోతే, వచ్చే ఏడాది అతన్ని టీమ్‌లో ఉంచుకోరని అందరికీ తెలుసు.

వాళ్ల నాన్న విశ్వనాథం వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగానికని కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు తేజ ఒకటో తరగతి పిల్లవాడు. భాష రాక స్కూల్లో మూగవాడిలా ఉండేవాడు. సైకిల్ క్లబ్బులో చేర్పించాకే నలుగురితో కలిశాడు. హార్జ్ కొండలకి తీసుకెళ్తే పెద్ద పిల్లలకంటే ముందు పైకెక్కేవాడు. ఎక్కి, వెనకబడ్డవాళ్ల కోసం మళ్లీ కిందికి దిగేవాడు. ఆ మంచితనమే ఇప్పుడు అతని ఉద్యోగమైంది. టీమ్ కారు దగ్గరికి వెళ్లి సీసాలు తేవడం, లీడర్ యోనాస్‌కి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కడం, అతని చక్రం పగిలితే తన చక్రం ఇచ్చేయడం. ఫలితాల పట్టికలో తేజ ఎప్పుడూ ఎక్కడో అడుగున ఉండేవాడు. టీవీ వ్యాఖ్యాతలు అతని పేరు పలికిందే తక్కువ, పలికినా తప్పుగా పలికేవారు.

అక్షయ మాత్రం ప్రతి రేసూ చూసేది. పని ముగించుకుని పక్కకి తప్పుకునేటప్పుడు తమ్ముడి మొహం చూసేది. మిగతావాళ్లు రొప్పుతూ ఉంటే అతను అప్పుడే ఇంట్లోంచి బయల్దేరినవాడిలా ఉండేవాడు. పెద్ద రేసులో వీడు మొదటి పదిమందిలో ఉండగలడని ఒకసారి ఆఫీసులో అంటే, సైక్లింగ్ పిచ్చి ఉన్న సహోద్యోగి జాలిగా నవ్వాడు.

కింద నుంచి మోటార్‌సైకిళ్ల మోత వినిపించింది. ముందు గుంపు వచ్చింది, పోయింది. అందులో తేజ టీమ్ పసుపు చొక్కా ఒక్కటీ లేదు.

పక్కన రేడియో వింటున్న ముసలాయన, అవతలి కొండ దిగేటప్పుడు ఎవరో పడ్డారట అని చెప్పాడు. ఎవరని అడిగితే తెలియదన్నాడు. అక్షయ ఫోన్ తీసింది, సిగ్నల్ లేదు. ఒక అంబులెన్స్ నెమ్మదిగా కొండెక్కుతూ పోయింది. దాని కిటికీలోకి తొంగి చూడబోయి, చూడలేక తల తిప్పుకుంది.

అప్పుడు కనిపించారు, పసుపు చొక్కాలవాళ్లు ఇద్దరు, ఒంటి మీద దెబ్బ లేకుండా. ముందు తేజ, అతని వెనక చక్రానికి అతుక్కుని యోనాస్. యోనాస్ మొహం సున్నం కొట్టినట్టుంది, నోరు తెరుచుకుపోయింది. తేజ నోరు మూసుకుని తొక్కుతున్నాడు. అక్క చేతిలోంచి సీసా అందుకుని వెనక్కి ఇచ్చాడు. రెండోదీ వెనక్కే ఇచ్చాడు.

“తేజా, నువ్వు పో,” అంది అక్షయ.

అతను విననట్టే వెళ్లిపోయాడు.

రేసు ముగిశాక టీమ్ బస్సు దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు. యోనాస్ బస్సు మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు. తర్వాత అక్షయ ఊహించని పని చేశాడు. పెట్రాని పిలిచి, మొదటి కొండ దగ్గరే తన కాళ్లు చచ్చుబడ్డాయని, నన్నొదిలి ముందుకి పొమ్మని తేజకి పదేపదే చెప్పానని, చెవిలో పెట్టుకున్న టీమ్ రేడియోలో నీ ఆర్డర్ రాలేదని వాడు ఆగిపోయాడని చెప్పాడు. స్పెయిన్‌లో వాడినే లీడర్‌గా పెట్టు, వాడికి నీళ్లు నేను మోస్తాను అన్నాడు. పెట్రా అతన్నీ తేజనీ మార్చి మార్చి చూసింది. మూడు వారాలు నిలబడగలవా అని తేజని సూటిగా అడిగింది.

తేజ తెలియదన్నాడు. రేపు పొద్దున చెప్తానన్నాడు.

అక్షయ మ్యూనిక్ వైపు కారు నడుపుతోంది, పక్క సీట్లో తేజ. ఊరు దాటాక ఆమెకి కోపం ఆగలేదు.

“ఎందుకట్ల అన్నవ్?” అని అడిగింది.

తేజ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. “నన్నెవరూ చూస్తలేరని నువ్వు బాధపడ్తవ్ అక్కా. చూడకపోతెనే నాకు మంచిగుంటది. నీళ్లిచ్చేటోడు అందరికంటె ఎన్కొచ్చినా ఎవ్వరడగరు. ముందల పెట్టినంక ఎన్కవడితే, అది నేను ఓడిపోయినట్టు.”

“ఓడిపోతవ్. అయితే ఏంది?”

“నీకు తెల్వదు.”

“నాకు తెల్సింది నేను చెప్త విను. ఇయ్యాల ఎవరో పడ్డరంటే నువ్వే అనుకున్న. పానం పోయింది. తర్వాత నువ్వొచ్చినవ్. నీకు ఆయాసం గూడ లేదు. అది చూసి ఇంకా భయమైంది నాకు. ఇంత బలం లోపలనే పెట్టుకొని, అట్లనే ముసలోడివైతవేమో అని.”

పెట్రోల్ బంకు దగ్గర ఆపితే తేజ కారు దిగి, అటూ ఇటూ నడిచి, ఫోన్ తీశాడు. లీడర్‌గా వెళ్తానని పెట్రాకి జర్మన్‌లో రెండు ముక్కల్లో చెప్పాడు. తిరిగొచ్చి సీటు బెల్టు పెట్టుకోబోతే కొక్కెం పడలేదు. అక్షయ వంగి తనే పెట్టింది.

స్పెయిన్ రేసు మొదలైన దగ్గర్నుంచి అక్షయకి తిండి సరిగా సహించలేదు. ఇంటి నుంచే పని చేస్తూ, మీటింగుల్లో కెమెరా ఆపేసి, పక్క స్క్రీన్‌లో రేసు పెట్టుకునేది. మొదటి వారం తేజ పదకొండో స్థానంలో ఉన్నాడు. రెండో వారం మధ్యలో ఆరుకి చేరాడు. టీవీ వాళ్లు ఇప్పుడు అతని పేరు నేర్చుకున్నారు. పలికిన ప్రతిసారీ, మూడో వారంలో కూలిపోతాడు చూడండి అనేవారు. నీళ్లు మోస్తానని మాట ఇచ్చిన యోనాస్ కడుపులో నొప్పితో రేసు వదిలి ఇంటికెళ్లిపోయాడు. కొండల్లో తేజ ఒంటరివాడయ్యాడు.

మూడో వారం, చలివాన కురిసిన రోజున, వాళ్లన్నంతా అయింది. ఆఖరి కొండ మొదట్లోనే తేజ భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. కెమెరా అతన్ని వదిలి ముందుకెళ్లిపోయింది. అక్షయ స్క్రీన్ ముందు లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడింది. చివరికి ఫలితాలొచ్చాయి. అతను పన్నెండుకి పడిపోయాడు. కారులో తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. వాడు ఊరుకుంటానంటే తనే కదా తోసింది. ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు.

సాయంత్రం అతనే చేశాడు.

“అక్కా, ఇయ్యాల ఓడిపోయిన.”

“చూసిన.”

“చానా అన్నం తిన్న. కాళ్లు నొస్తున్నయ్. గంతే.” తనకే వింతగా ఉన్నట్టు, “ఇంకేం గాలేదు,” అన్నాడు.

ఆ మాటతో అక్షయకి ఏడుపొచ్చింది. వినపడకుండా ఫోన్ దూరంగా పట్టుకుంది.

మిగిలిన ఒక్క పెద్ద కొండల రోజున తేజ ఎవరి ఆర్డర్ కోసమూ చూడలేదు. ఇంకా ఎంతో దూరం ఉండగానే గుంపులోంచి బయటికొచ్చాడు. ఇది పిచ్చిపని అన్నాడు వ్యాఖ్యాత. అక్షయకీ అలాగే అనిపించింది. గుంపు అతన్ని ఇప్పుడు పట్టుకుంటుంది, ఇప్పుడు పట్టుకుంటుంది అని ఆమె బిగబట్టిన ఊపిరి, అతను గీత దాటాకగానీ వదల్లేదు. ఆ రోజు ఇద్దరు మాత్రమే అతన్ని దాటగలిగారు. రేసు మొత్తం ముగిసేసరికి తేజ తొమ్మిదోవాడు. వచ్చే వసంతంలో ఇటలీ రేసుకి కూడా లీడర్ అతనేనని పెట్రా ఆ రాత్రే చెప్పింది.

వోల్ఫ్స్‌బర్గ్ నుంచి నాన్న ఫోన్ చేశాడు. మూడు వారాలుగా ఆయన రేసు చూడటం లేదని అందరికీ చెప్తూ, తలుపేసుకుని చూశాడు.

“తొమ్మిదోటోనికి కప్పు ఇస్తరా బిడ్డా?”

“ఇయ్యరు నాన్నా.”

“మరి ఇటలీల గూడ మూడు వారాలేనా? గిట్లనే, పొద్దంతా?”

“గిట్లనే నాన్నా. కొండలు ఇంకా పెద్దగుంటయట.”

విశ్వనాథం నిట్టూర్చాడు. అయితే బీపీ గోళీలు మార్చమని డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి అని గొణుక్కుని, తేజ ఏం తిన్నాడో కనుక్కోమని చెప్పి పెట్టేశాడు.