ప్రారంభోత్సవం కోసం ఆగిన తెప్ప

తెప్ప తయారై, చెరువు ఒడ్డుకు చేరి నెల కావస్తోంది. నేనూ మా ఆడపడుచూ మా పడవల షెడ్డులో చేతులు బొబ్బలెక్కేలా చేశాం. కింద ఖాళీ పీపాలు, పైన చెక్కలు, ఆ పైన గులకరాళ్లు. చెరువు మధ్యలో లంగరేసి వదిలితే నీటిపిట్టలు దాని మీద గుడ్లు పెట్టుకుంటాయని ఆశ. పోయినేడు ఒడ్డున పెట్టిన గుడ్లలో ఒక్కటి కూడా కుక్కలు మిగల్చలేదు.

చెక్కలు పేటలో ఇంటికొకటి ఇచ్చారు. అక్కడే మునిగాం. ఇచ్చినవాళ్ల పేర్లతో రేకు బోర్డు కావాలన్నారు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అని మీటింగుల మీద మీటింగులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! చివరికి తెప్ప కంటే బోర్డే పెద్దదైంది.

"ముందు నీళ్లలోకి దింపుదామండీ, బోర్డు తర్వాతైనా తగిలించుకోవచ్చు" అని పేట సంఘం ప్రెసిడెంటు గారిని బతిమాలాను.

"తొందరెందుకమ్మా? అందరి పనీ అందరి ముందే జరగాలి. పిట్టలేమన్నా ముహూర్తం పెట్టుకున్నాయా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

తీరా ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే, తాళ్లు చూడ్డానికి ఒడ్డుకెళ్లిన ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "వదినా, తెప్ప కదపొద్దు! దాని మీద గుడ్లున్నాయి!"

వెళ్లి చూస్తే నిజమే. గులకరాళ్ల మధ్య చుక్కల గుడ్లు, పైన అరుస్తూ తిరుగుతున్న పిట్టలు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండి. నీళ్లలోకి తోస్తే గుడ్లు దొర్లిపోతాయి. ఇక్కడే ఉంచితే కుక్కలకు వడ్డించిన విస్తరి.

కాసేపటికి పేటంతా ఇస్త్రీ బట్టల్లో దిగింది. ప్రెసిడెంటు గారి చేతిలో రిబ్బను కత్తెర.

"అయితే ఈ రోజు దింపలేమా?" అన్నారు.

"పిట్టలు ముహూర్తం పెట్టేసుకున్నాయండీ."

ఎవరూ నవ్వలేదు. తుప్పల్లోంచి ఒక కుక్క తొంగి చూస్తోంది.

నేను షెడ్డులోంచి రేకు కత్తెర తెచ్చి బోర్డును ముక్కలు చేశాను. పిట్టలు బెదరకుండా కాస్త ఎడంగా తెప్ప చుట్టూ కొయ్యలు పాతి, ఆ ముక్కలు కంచెలా కట్టాం.

"నా పేరు రెండు ముక్కలైందమ్మా" అన్నారాయన.

"రెండు వైపులా కాపలా ఉంటారు లెండి."

ఒకచోట రేకు చాలలేదు. "ఇంటికో చెక్క ఇచ్చారుగా, గుడ్లు పిల్లలయ్యేదాకా ఇంటికో మనిషి వంతులేసుకుని కాపలాకు రండి" అన్నాను. పేరు పైనుండాలని పోట్లాడినవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయనకు పని గుర్తొచ్చింది, ఒకావిడకు పొయ్యి మీద పాలు.

ప్రెసిడెంటు గారు మాత్రం తన కోసం వేసిన కుర్చీని ఆ ఖాళీలోకి లాక్కుని, కుక్క వైపు తిరిగి కూర్చున్నారు.

నా కోపం ఏమీ తగ్గలేదు. ఆయన చేతిలో కత్తెర తీసుకుని కర్ర పెట్టాను.