బుధవారం దాకా

ఆగస్టు చివరి మంగళవారం మా ఆయన ఉద్యోగం పోతుంది, బుధవారం మళ్ళీ వస్తుంది. రెండేళ్లుగా అదే వరస. మొదటి ఏడాది నేను ఏడ్చాను. రెండో ఏడాది కోడి పాప్రికాష్ వండుకు తిని పడుకున్నాం. మూడో ఏడాదీ అంతేననుకున్నాను.

లైల్ కోవాచ్ టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో స్నాపర్. వంగి, కాళ్ల సందులోంచి, వెనక పదిహేను గజాల దూరంలో నిలబడ్డ తన్నేవాడి చేతుల్లోకి బంతి విసరడం అతని పని. పదకొండేళ్లుగా లోకాన్ని తలకిందులుగా చూసి మా ఇల్లు నడుపుతున్నాడు. సరిగ్గా విసిరినన్నాళ్లూ స్నాపర్ పేరు ఎవరికీ తెలియదు. అందుకని మా వీధివాళ్లు తప్ప ఊళ్లో ఎవరూ అతన్ని గుర్తుపట్టరు.

ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఇంతకు మించకూడదని లీగు ప్రతి జట్టుకీ ఒక గీత గీస్తుంది. ఆ ఏడాది మావాళ్లు వేసవికి ముందే ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి కొండంత ఒప్పందం రాసిచ్చారు. ఇక మిగతావాళ్ల దగ్గర చిల్లర ఏరుకోవడం మొదలైంది. పైగా జట్టులో ఉన్నవి యాభై మూడు చోట్లే. గాయపడ్డవాళ్లను ఆ మంగళవారం జట్టులో చూపిస్తే గానీ సీజన్ మధ్యలో మళ్ళీ ఆడించడానికి వీల్లేదు. అందుకని లైల్ లాంటి ముదుర్లను ఒక్కరోజు బయట నిలబెట్టి ఆ చోట్లు వాళ్లకిస్తారు. బుధవారం వాళ్లను గాయాల జాబితాలోకి మార్చాక ఆ చోట్లు మళ్ళీ ఖాళీ అవుతాయి. కుర్రాళ్లను వదిలితే ఏ జట్టయినా తన్నుకుపోతుంది. పాతవాళ్లు మాత్రం వాళ్లకి వాళ్లు పోతే తప్ప ఎక్కడికీ పోరు. పోరని జట్టు నమ్మకం, రేపు పిలుస్తారని వీళ్ల నమ్మకం.

ఈ నమ్మకాన్ని ఎక్కడా రాయరు, నోటితో కూడా అనరు. అంటే అది జీతాల గీత దాటడానికి చాటుగా చేసుకున్న ఒప్పందం అవుతుంది. బయటపడితే జట్టుకి జరిమానా, ఆటగాడి మీద విచారణ. అందుకే జనరల్ మేనేజర్ ప్రూయిట్ మనిషిని గదిలోకి పిలిచి, సంతకం పెట్టించుకుని, చెయ్యి కలిపి, "లాకర్ ఖాళీ చెయ్యకు" అంటాడు. రేపు రమ్మని దానర్థం.

"అన్నాడా?" అని అడిగాను, లైల్ కారు దిగుతుండగానే.

"అన్నాడు."

"అదే మాటా?"

"అదే మాట. వాకిట్లో నిలబెట్టి పోలీసులా అడక్కు మార్నీ, ఆకలేస్తోంది."

బుధవారం పొద్దున్నుంచి ఇద్దరం ఫోన్ చుట్టూ తిరిగాం. లైల్ పెరట్లో టమాటాలు కోస్తానని వెళ్లి, పచ్చివి కూడా కోసుకొచ్చాడు. సరుకులు తెస్తానంటే నన్నూ కదలనివ్వలేదు. పదకొండింటికి ఫోన్ మోగింది. ప్రూయిట్ కాదు, లైల్ విసిరిన బంతిని తన్నే టోబిన్.

"వదినా, అన్న పక్కనే ఉన్నాడా?"

"పెరట్లో ఉన్నాడు. ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఏం లేదు. ఇవాళ ఒక కుర్రాణ్ణి తెచ్చారు, స్నాపర్‌ని. ఈ ఒక్క వారానికేనంట. నువ్వు కంగారుపడతావని నేనే చెప్తున్నా."

"కంగారుపడకూడదని ఫోన్ చేసి కంగారుపెడుతున్నావన్నమాట."

"అన్నలో పదోవంతు కూడా లేడు వదినా, ఒట్టు."

మధ్యాహ్నం టక్సన్ జట్టు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల స్నాపర్ భుజం విరిగింది. సీజన్ మొత్తానికి ఒప్పందం, మధ్యలో వదిలేసినా ఏడాది జీతం ఖాయం. నాలుగింటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. లైల్‌కి ముప్పై ఆరేళ్లు. ఈ వయసు స్నాపర్‌ని సెప్టెంబర్ దాటాక ఎవరూ వెతుక్కుంటూ రారు. ఆ రోజు ఏ జట్టులోనూ చేరకపోతే ఆట అక్కడితో సరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

లైల్ ప్రూయిట్‌కి ఫోన్ చేశాడు. నేను వినాలని స్పీకర్ పెట్టమన్నాను, పెట్టాడు.

"సార్, ఇవాళ ఎప్పుడు రమ్మంటారు?"

"లైల్, ఈ వారం కాస్త ఇరుకుగా ఉందయ్యా. ఆదివారం మొదటి మ్యాచ్ అయిపోనీ. సోమవారం చూద్దాం. ఏం, వేరే ఎవరైనా పిలిచారా?"

లైల్ నా వంక చూశాడు. నేను చెప్పు చెప్పు అని సైగ చేశాను.

"లేదు సార్," అన్నాడు.

ఫోన్ పెట్టాక నేను అరిచాను. మొదటి మ్యాచ్ నాడు జట్టులో ఉన్న పాతవాడికి, మర్నాడు వెళ్లగొట్టినా ఏడాది జీతం ఇచ్చి తీరాలి. మ్యాచ్ అయ్యాక తీసుకుంటే వారం లెక్కన ఇచ్చి, ఎప్పుడంటే అప్పుడు పంపేయొచ్చు. ప్రూయిట్ ఇరుకు అన్నది అదే.

"నీకు తెలీదా ఇది?"

"తెలుసు."

"మరి లేదని ఎందుకు చెప్పావ్? టక్సన్ పేరు చెబితే దిగొచ్చేవాడు."

"చెయ్యి కలిపాను మార్నీ. పదకొండేళ్లు ఆయన దగ్గర తిన్నాను. ఇవాళ ఇంకొకడు పిలిచాడని బేరం పెడితే, కోవాచ్ మాట తప్పాడని సాయంత్రానికల్లా అన్ని జట్లకీ తెలుస్తుంది."

"ఆయన మాట తప్పితే ఎవరికి తెలుస్తుంది?"

 నాలుగింటికి ఐదు నిమిషాల ముందు లైల్ టక్సన్‌కి ఫోన్ చేసి, మీ దయ, ఇల్లు కదల్లేను అని చెప్పాడు. మొగుడి మంచితనం మీద నాకంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది గానీ వెయ్యలేదు.

ఆదివారం మ్యాచ్ టీవీలో చూశాం. కుర్రాడు ఒక్క బంతి నేలకేస్తే చాలనుకున్నాను. లైల్ కూడా అదే అనుకుంటున్నాడని అతను కూర్చున్న తీరులోనే తెలిసింది. మా సొంత జట్టుకే చెడు కోరుకున్నాం. కుర్రాడు అన్నీ గుండెల ఎత్తున, గురి చూసినట్టు విసిరాడు. చివరి నిమిషంలో తన్నిన బంతితోనే గెలిచాం. పక్కింటి జోల్టాన్ సాసేజీల పళ్లెం పట్టుకుని వచ్చేశాడు.

"గెలిచాం కదయ్యా, ముఖం అలా పెట్టావేం? నువ్వు ఆడకపోయినా నీ జట్టే కదా. వచ్చే వారం నువ్వే ఉంటావుగా?"

"ఉంటాను," అన్నాడు లైల్, సాసేజ్ తీసుకుంటూ.

సోమవారం ఫోన్ రాలేదు. మంగళవారం లైల్ చేస్తే ప్రూయిట్ ఎత్తలేదు. బుధవారం నేను నా ఫోన్‌లో చేశాను, స్పీకర్ పెట్టి. నా నంబర్ తెలియదు కాబట్టి ఎత్తాడు.

"లైల్ భార్యనండీ. సోమవారం అన్నారు కదా."

"చూద్దాం అన్నానమ్మా. కుర్రాడు బాగా విసిరాడు, నువ్వూ చూసే ఉంటావు. లైల్‌కిచ్చే దాంట్లో మూడోవంతుకి వస్తున్నాడు. నా చేతులు కట్టేసి ఉన్నాయి."

"మరి మీరిచ్చిన మాట?"

అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది. ప్రూయిట్ గొంతు ఇంకా మెత్తబడింది.

"మార్నీ, ఆలోచించి చెప్పు. తిరిగి తీసుకుంటానని నేను లైల్‌కి మాటిచ్చానంటున్నావా? అలాగైతే ఇప్పుడే లీగుకి చెప్పాలి. మాకు జరిమానా వేస్తారు, కడతాం. విచారణ తేలేదాకా లైల్‌ని మాత్రం ఎవరు ముట్టుకుంటారమ్మా? అక్టోబర్‌లో ఎవడికో ఒకడికి దెబ్బ తగలకపోదు. అప్పుడు మాకైనా ఇంకొకరికైనా ముందు గుర్తొచ్చేది లైలే. అందుకని అడుగుతున్నాను. నేను మాటిచ్చానా?"

లైల్ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని కళ్లల్లో అంత భయం, పెళ్లయ్యాక నేను చూడలేదు.

"లేదండీ," అన్నాను.

"అలాంటిదేదో ఉందని లైల్ నీతో ఎప్పుడూ అనలేదు."

"అనలేదు."

"మంచిదమ్మా. లైల్‌ని అడిగానని చెప్పు."

"చెప్తానండీ," అన్నాను.