బాజ్యా పేజీల మీద పెన్సిల్ గీతలు

సోలాపూర్‌ నీలం నగర్‌లో ఇంటికి పెద్ద చుట్టం వస్తున్నాడంటే ముందు గుమ్మం కడుగుతారు. అశ్విని గుమ్మంతో ఆగే మనిషి కాదు. పుణె నుంచి వినాయక్ వస్తున్నాడని తెలిసింది మొదలు పరదాలు ఉతికింది, టీవీ వెనక బూజు దులిపింది, గ్లాసులన్నీ చింతపండుతో తోమింది. ఇంకేమీ మిగల్లేదనిపించాక మామగారి రేకుపెట్టె తెరిచి, ఆయన వయసులో ఉన్నప్పుడు గీసిన బొమ్మల పేజీలు బయటికి తీసింది.

మామగారు అంబాదాస్ బతుకంతా సోలాపూర్ చద్దర్లకు డిజైన్లు గీశాడు. అది కూటి కోసం చేసిన పని. మనసు కోసం చేసిన పని ఇంకొకటుండేది. పుణెలో అచ్చయ్యే ఒక పిల్లల వారపత్రికకు ‘పహిల్వాన్ బాజ్యా’ అనే బొమ్మల కథ గీసి పోస్టులో పంపేవాడు. మీసాలు మెలేసి పులితో కుస్తీ పట్టే బాజ్యా కోసం పిల్లలు ఎగబడేవారు. గీసినవాడి పేరు మాత్రం ఏ పేజీలోనూ పడలేదు. పత్రిక మూతపడినప్పుడు అంబాదాస్ వెళ్ళి, చిత్తుకాగితాల తూకానికి పోబోతున్న తన పేజీలను తానే మోసుకొచ్చుకున్నాడు.

వినాయక్ ఆ ఊళ్ళోనే, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో పుట్టినవాడు. తల్లి బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని బాజ్యాను చదివి పెరిగాడు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తూ పాత బొమ్మల కథల అసలు పేజీలు సేకరిస్తున్నాడు, ప్రదర్శన ఒకటి పెట్టబోతున్నాడు. బాజ్యాను గీసినాయన నీలం నగర్‌లోనే ఉన్నాడని తెలిసి ఫోను చేశాడు.

“కాకా, ఈసారి గోడ మీద మీ పేరు పెద్దక్షరాలల్ల పెడత” అన్నాడు.

అప్పటినుంచి అంబాదాస్ కాలు ఒకచోట నిలవలేదు. వీధిలో ఎవరు కనిపించినా ఆపి, చెప్పిన సంగతే చెప్పాడు.

పెట్టెలోని పేజీలు చూస్తే అశ్వినికి ప్రాణం ఉసూరుమంది. నల్లని ఇంకు గీతల చుట్టూ దువ్వని జుట్టులా పెన్సిల్ గీతలు. అంచుల నిండా మామగారు తనకు తాను గీక్కున్న మాటలు: ‘మెడ ఇంక లావు’, ‘పులికి నవ్వు వద్దు’. ఒక పేజీలో బాజ్యా ముఖం మీద వేరే కాగితం ముక్క అంటించి కొత్త ముఖం గీశాడు. ఆ ముక్క పసుపురంగుకు తిరిగి, మూల లేచి ఉంది. ఇట్లాంటివా పుణె మనిషికి చూపించేది?

ఆ ఇంట్లో చద్దరు డిజైను గీసే గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్ గీత మిగలనివ్వరు. మిగిలితే, గ్రాఫ్ చూసి మగ్గానికి కన్నాల అట్టకార్డులు కొట్టేవాడు అదీ డిజైనే అనుకుని ఇంకో కన్నం కొడతాడు. ఇక ఆ తప్పు నేసిన ప్రతి చద్దరులోనూ దిగుతుంది. అశ్విని కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు సుందరాబాయి చేతికి గరిటె కంటే ముందు రబ్బరు ఇచ్చింది. “బీయే చదివినవంట. తుడువనీకె వస్తదా?” అంది. వచ్చు అని అశ్విని తుడిచి చూపించింది. ఆమె తుడిచిన గ్రాఫ్ ఒక్కటి కూడా తప్పుందని వెనక్కి రాలేదు.

మామగారు మార్కండేయ గుడికి పోయిన పూట చూసుకుని కూర్చుంది. ఇంకు చెదరకుండా, కాగితం నలగకుండా, గీత గీతా వెతికి చెరిపింది. అంచుల మాటలు చెరిపింది. అంటించిన ముక్కను ఆవిరి పట్టి ఊడదీసింది; కింద మొదట గీసిన ముఖమూ బాగానే ఉందనిపించింది. ఒక్కో పేజీని ఒక్కో ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆదివారం దాకా ఎవరికీ చూపకుండా దాచింది. మామగారి ముఖం వెలగడం తలుచుకుంటే ఆమెకే నవ్వొచ్చింది.

ఆదివారం వినాయక్ వచ్చి అంబాదాస్ కాళ్ళకు మొక్కాడు. సుందరాబాయి గడపలో బీడీల చాట ముందేసుకుని కూర్చుంది.

“ఏందిరా బిడ్డా, పాత కాయితాలకు గంత గిరాకీ? అన్ని ఈయన గీసినయే గదా” అంది.

“అన్ని ఒక్కతీరు కాదు పెద్దమ్మా. బాజ్యా ఫస్టు కనవడ్డ పేజీ ఉంటది చూడు, దానికోసం కొట్టుకుంటరు. పులిని ఎత్తి పడగొట్టే పేజీ, తలనుంచి కాళ్ళదాక బాజ్యా కనవడేది, దానికి గూడ మస్తు గిరాకీ. ఊకె ముచ్చట చెప్పుకుంట కూసున్న పేజీని ఎవ్వరడగరు.”

“ఊకె ముచ్చట చెప్పెటోళ్ళను యాడ గూడ ఎవ్వరడగరు” అని సుందరాబాయి మొగుడివైపు చూసింది. అంబాదాస్ పకపకా నవ్వాడు.

“గని వాటన్నిటికన్న పైది ఒకటున్నది” అన్నాడు వినాయక్. “గీసినాయన చెయ్యి కనవడాలె. అచ్చుల రానిది. ఇంకు కింద పెన్సిల్, తప్పు పోతె మీద అంటించిన ముక్క, అంచుకు రాసుకున్న మాట. అచ్చు పుస్తకం ఎంతమంది ఇంట్లనో ఉంటది. ఈ మనిషి ఎట్ల ఆలోచన చేసిండన్నది ఒక్క ఈ కాయితం మీదనే ఉంటది.”

పోహా ప్లేట్లు తెస్తున్న అశ్వినికి ఆ మాటలు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. ప్లేట్లు కింద పెట్టింది. తానే ముందు తెచ్చిపెట్టిన కవర్లు అప్పటికే వినాయక్ చేతిలో ఉన్నాయి.

అతను మొదటి పేజీని వెలుగుకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. రెండోది తీశాడు. ముఖంలో నవ్వు పోయింది.

“కాకా, ఇవి జిరాక్సులా? అసలువి యాడున్నయి?”

అంబాదాస్ పేజీ అందుకున్నాడు. ఖాళీ అంచు మీద వేలితో తడిమాడు. తలెత్తి కోడలివైపు చూశాడు. రెప్పపాటే చూశాడు గానీ, ఆయనకు తెలిసిపోయిందని అశ్వినికి అర్థమైంది.

“అసలువే. నేనే తుడిచిన” అన్నాడు ఆయన. “గ్రాఫులు తుడిచిన చెయ్యి గదరా, ఊకుండలేదు.”

సుందరాబాయి నోరు తెరవబోయింది.

“నీ బీడీలు నువ్వు చుట్టు” అన్నాడు. మళ్ళీ వినాయక్‌తో, “గీతలే గదా, పెన్సిల్ ఇయ్యి, మళ్ళ గీస్త” అన్నాడు.

“ఇప్పుడు గీస్తె అది ఇప్పటి గీత అయితది కాకా. దొంగ నోటు తీరు.” వినాయక్ పులి పేజీని విడిగా తీసి పెట్టాడు. “సరె. గీసినాయన తన పేజీని తనే మార్చుకున్నడంటె అది గూడ ఆయన పనే. వెనక ఆ మాట రాసి సంతకం పెట్టుండ్రి. పులి పేజీని గోడ నడుమ పెడత.”

చాయ్ వంకతో అశ్విని వంటింట్లోకి పోయింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. నోరు మూసుకుంటే చాలు, మామగారి పేరు గోడ నడుమకు ఎక్కుతుంది. చాయ్ పొంగి స్టవ్ మీద పోయింది. తుడవాలన్న ధ్యాసే రాలేదు. తలుపు సందులోంచి చూస్తే ఆయన చెయ్యి ధోతికి తుడుచుకుని పెన్ను మూత తీస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆ పేజీల మీద ఆయన పేరు పడటం ఇదే మొదలు. అది కూడా ఆమె చేసిన పని నెత్తిన వేసుకుని, అబద్ధం కింద.

“మామా, ఆగుండ్రి” అంది బయటికొచ్చి. “నేనే చెరిపిన. మామకు తెల్వనే తెల్వదు.”

“నిన్నెవరడిగిండ్రు?” అంబాదాస్ గొంతు లేచింది. “మంచిగైతున్న పనిని మళ్ళ చెడగొట్టినవు!”

“ఆమెనెందుకంటవు? రబ్బరు చేతికిచ్చింది నేను” అంది సుందరాబాయి. ఆ మాట సాయానికే అన్నా, అశ్వినికి మరింత చిన్నతనమనిపించింది. చిన్నపిల్లను వెనకేసుకొచ్చినట్టుంది.

వినాయక్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“వదినా, ఒక పేజీల బాజ్యా ముఖం అచ్చుల పడ్డది కాదు. దాని మీద అంటించిన ముక్క ఉండాలె. అదన్న ఉన్నదా?”

“చెత్త బండిల వేసిన.”

అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. “ఇంక నడుమ పెట్టలేను కాకా. చూసేటోళ్ళు అడుగుతరు. పక్క గోడకు పెడత, పేరు మాత్రం పెద్దగనే పెడత. గని ఏమైందో వెనక రాయాలె. ఎవరు చేసిండ్రో వాళ్ళే రాయాలె.”

పెన్ను ఆమె చేతికొచ్చింది. కాలేజీలో అందరూ మెచ్చుకున్న దస్తూరీ ఆమెది. పులి పేజీ వెనక మరాఠీలో రాసింది: ఈ పేజీ గీసింది అంబాదాస్. పెన్సిల్ గీతలూ అంచున మాటలూ చెరిపింది ఆయన కోడలు అశ్విని. అక్షరాలు కిందికి జారాయి. తన పేరు దగ్గర ఇంకు కాస్త అలుక్కుపోయింది.

“ఏం రాసినవో చదువు” అన్నాడు అంబాదాస్. అక్షరాలు ఆనవాలు పట్టలేక కాదు, కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

చదివింది. తన పేరు దగ్గర గొంతు దిగిపోయింది.

“గట్టిగ.”

మళ్ళీ మొదటినుంచి చదివింది, గడపలో ఉన్న సుందరాబాయికీ, గోడవతల బట్టలారేస్తున్న పక్కింటావిడకీ వినపడేటట్టు. అప్పుడు అంబాదాస్ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆమె పేరు కింద తన సంతకం పెట్టాడు.