జమ్మలమడుగులో పాడాల్సిన పాట

“ఇంకో పది చపాతీలు ఎక్కువ కాల్చు మేయ్, బాబు వాళ్లు గుడక ఈడనే తింటారు” అని మా ఆయన నరేష్ హాల్లోంచి కేకేశాడు. అప్పుడు నేను పెనం ముందు నిలబడి, రెండో చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచన అక్కడే వదిలేసి పిండి మళ్ళీ కలిపాను. ప్రొద్దుటూరులో మాది రెండు గదుల వాటా. ఆ వారమంతా హాలు నిండా కీబోర్డు, డ్రమ్ములు, గిటార్ పెట్టెలు, కాళ్లకు తగిలే వైర్లు. 2020 మార్చి మొదటి వారం అది. నరేష్, అతని స్నేహితులు నలుగురు కలిసి పెట్టుకున్న ‘పెన్నొడ్డు’ బ్యాండు మొదటిసారి టూరుకు బయలుదేరుతోంది. మా సీమ మాటల్లో పాడిన రెండు పాటల వీడియోలు జనంలోకి బాగా వెళ్లాయి. దాంతో పులివెందులలో మొదలుపెట్టి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా తొమ్మిది ఊళ్లలో కచేరీలు ఒప్పుకున్నారు. పోస్టరు మీద ఐదుగురు మగవాళ్ల ఫొటోలున్నాయి. ఆరో గొంతు నాది. కోరస్ పాడతాను. కోరస్‌కు పోస్టరు మీద ఫొటో వేయరని డ్రమ్స్ వాయించే బాబు నాకు విడమరచి చెప్పాడు. మంచివాడే. నా చపాతీలను మెచ్చుకోకుండా ఎప్పుడూ పళ్లెం ముందు నుంచి లేవలేదు.

ఆ టూరులో నాకంటూ ఒక పాట దొరికింది. మాటలు నేనే రాసుకున్నాను, వరస నేనే కట్టుకున్నాను. నిజానికి బ్యాండు పాడే పాటల్లో సగానికి మాటలు నావే, కానీ వాటిని ‘మన పాటలు’ అనేవాళ్లు. ఇది మాత్రం నేను ఒక్కదాన్నే, మైకు ముందుకొచ్చి పాడాల్సింది. ‘నీళ్లు లేని ఏరు గుడక ఏరే గదమ్మా, ఇసక కింద పారేదాన్ని ఎవురు సూసిరమ్మా’ అని మొదలవుతుంది. జమ్మలమడుగులో ఒంటరిగా ఉండే మా అమ్మ మంగమ్మను తలచుకుని రాశాను. అమ్మ స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైంది. నేను కాలేజీలో పాడే రోజుల్లో నాన్న గట్టిగా వద్దన్నందుకు ఒక్కసారి కూడా వచ్చి వినలేదు. నాన్న పోయాడు, నాకు పెళ్లయింది, అమ్మకు మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేకపోయింది. నేను మైకు ముందు నిలబడగా మా అమ్మ ఇంతవరకూ చూడలేదు. జమ్మలమడుగు కచేరీ ఇరవై ఒకటో తేదీ శనివారం అని చెప్పగానే ఫోన్లోనే నవ్వింది. “హాలు మన వీధి చివర్నే గదా పాపా, నడిచే పోతా” అంది. పక్కింటి ఖమ్రున్నీసా చిన్నమ్మతో సహా వీధి వీధంతటికీ చెప్పేసింది.

పద్నాలుగున పులివెందులలో మొదటి కచేరీ. మా అత్త ఇందిరమ్మ వారం రోజుల ముందునుంచే ముఖం ముడుచుకుని ఉంది. “ఇంటి కోడలు నలుగురి ముందర గొంతెత్తి పాడితే, అడిగేది నన్ను గదా” అని ఎవరితోనూ కాదన్నట్టుగా అనేది. ఆరేళ్ల మా కూతురు అనఘకు రెండు రోజులకు సరిపడా బట్టలు, అత్తకు రెండు రోజులకు సరిపడా కూరలు, బ్యాండువాళ్లకు దారిలో పులిహోర, అన్నీ సర్ది, చివర్లో నా చీర ఒకటి పెట్టుకుని వ్యాను ఎక్కాను. హాలు నిండిపోయింది. పాటల వరసలో నాది ఎనిమిదోది. ఏడో పాట అయ్యాక ఊరి పెద్దలెవరో స్టేజి ఎక్కి అరగంట మాట్లాడారు. నేను తెర పక్కన చేతులు చల్లబడిపోయి నిలబడి ఉన్నాను. నరేష్ నా దగ్గరకొచ్చి, చెవిలో, ఎంతో ప్రేమగానే చెప్పాడు. “టైం అయిపాయె హేమా. నీ పాట తీసేస్తాండాం. జమ్మలమడుగులో పాడుదువులే, మీయమ్మ గుడక వింటాది.” నాకు బాధ వేయలేదు. అమ్మ ముందే మొదటిసారి పాడటం న్యాయమనిపించింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తర్వాత నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

జమ్మలమడుగు కచేరీ జరగలేదు. జబ్బు వస్తోందన్నారు, బడులు మూశారు, జనం గుమికూడవద్దన్నారు. హాలువాళ్లు ఫోన్ చేసి రద్దు చేశారు. కచేరీ అనుకున్న రోజు మర్నాడు కర్ఫ్యూ, ఆ తర్వాత అన్నీ బంద్. మిగిలిన ఊళ్లు ఒక్కొక్కటీ ఫోన్లోనే రాలిపోయాయి. నరేష్ రెండు రోజులు గోడకు తిరిగి పడుకున్నాడు. అతని దుఃఖం ఇంటి దుఃఖమైంది. అత్త వచ్చి తల నిమిరింది, బాబు గంటలకొద్దీ ఫోన్లో ధైర్యం చెప్పాడు, నేను కాఫీలు పెట్టాను. నా పాట కూడా పోయిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అమ్మకు తప్ప. “పోనీలే పాపా, ఫోన్లోనే పాడు, వింటా” అంది ఆ రోజు. “రేపు పాడతాలే మా, పొయ్యి మీద కూర ఉంది” అన్నాను.

ఆ రేపు ఏడాది దాటినా రాలేదు. ఎలా రాలేదో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది. అందరూ ఇంట్లోనే ఉంటే ఇంటి పని తగ్గుతుందనుకున్నాను. మూడు పూటలు కాస్తా ఆరు పూటలయ్యాయి. ఉన్న రెండు ఫోన్లలో నాది మంచిదని పొద్దున అనఘ క్లాసులకు, సాయంత్రం నరేష్ లైవ్ పాటలకు పోయేది. నరేష్ పడకగదిలో దుప్పటి కట్టి, దాని ముందు కూర్చుని ఫేస్‌బుక్‌లో పాడేవాడు. ఫోను పట్టుకుని కదలకుండా నిలబడటం నా పని. లైవ్‌లో కుక్కర్ కూత వినపడకూడదని అన్నం గిన్నెలో వార్చేదాన్ని. ఒక రోజు అతను నా ఏటి పాట పాడాడు. కొత్త పాట అని చెప్పి పాడాడు. చూసేవాళ్లు గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు కురిపించారు. అయ్యాక, “అది నేను రాసిందని చెప్పొచ్చు గదా” అన్నాను. “మన ఇద్దరి మధ్య నీది నాది అని యాడుంది?” అన్నాడు ఆశ్చర్యంగా. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఈ మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు అమ్మ ఫోను వచ్చేది. భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని రెండు మాటలు మాట్లాడేదాన్ని. “తిన్నావా?” “తిన్నా. పాట పాడవా?” “అత్త పిలుస్తాంది మా, మళ్ళీ చేస్తా.” “సరేలే, నీ పని కానీ.” ఎప్పుడూ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే పాడేదాన్నేమో.

2021 మే నెలలో జబ్బు మా ఇంట్లోకి వచ్చింది. ముందు నరేష్, తర్వాత అత్త, మూడో రోజు నేను. వాళ్లిద్దరూ పడుకున్నారు. నాకు నూట రెండు జ్వరంలో కషాయం కాచడం, వేడినీళ్లు పెట్టడం, అనఘను పక్క వాటాలోకి పంపి గుమ్మం బయట దాని అన్నం పెట్టడం గుర్తుంది. ఊపిరి అందక వంటగది గట్టు పట్టుకుని నిలబడటం గుర్తుంది. ఆ వారంలోనే ఖమ్రున్నీసా చిన్నమ్మ ఫోన్ చేసింది. “మీయమ్మకు ఆయాసం శానా ఎక్కువైంది బిడ్డా. ఆటోలో ఆస్పత్రికి తీసకపోతాండా. నువ్వు వస్తావా?” అప్పటికి నా జ్వరం తగ్గుముఖం పట్టింది. వెళతానన్నాను. నరేష్ మంచం మీంచి లేవకుండానే అన్నాడు. “నువ్వు పోతే ఈడ మాకెవురు? మా యమ్మను సూసేదెవురు? ఆస్పత్రిలో నిన్ను లోపలికి గుడక పోనీరు.” ప్రతి మాటా సబబుగానే ఉంది. అత్త దగ్గుతోంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. నేను పోలేదు. నాలుగో రోజు అమ్మ పోయింది. ఎవరో తీసి పంపిన వీడియోలో, తెల్లటి సంచిలో ఉన్నది మా అమ్మే అని చెబితే నమ్మాను.

నెల రోజుల తర్వాత ఇల్లు ఖాళీ చేయడానికి జమ్మలమడుగు వెళ్లాను. నరేష్ రాలేదు, నీరసంగా ఉందన్నాడు. అమ్మ చీరలు మడతపెడుతుంటే ఖమ్రున్నీసా చిన్నమ్మ టీ తెచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. కొంచెంసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత నేను, “ఒక్క పాట అడిగింది చిన్నమ్మా. సంవత్సరం పైన అడిగింది. పాడలేకపోతి” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “ఆ ఏటి పాటేనా? వినింది గదా బిడ్డా.”

నాకు అర్థం కాలేదు.

“నువ్వు మళ్ళీ చేస్తానని చెప్పి, ఫోను కట్ చేయకుండానే యాడో పెట్టేస్తాంటివంట. మీయమ్మ గుడక కట్ చేసేది కాదు. స్పీకర్ పెట్టుకోని ఆ కుర్చీలో కూర్చునేది. నేనొస్తే, మాట్లాడొద్దని చెయ్యి అడ్డం పెట్టేది. గిన్నెల సప్పుడు, కొళాయి సప్పుడు. మధ్యలో నువ్వు సన్నంగా పాడుకుంటాంటివి. ఆ పాట నాకు గుడక వచ్చేసింది.”

నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. గుండెలో ఏదో సర్దుకున్నట్టయింది. అమ్మ విన్నది. అంతలో నాకు ఇంకొకటి తట్టింది. గిన్నెల చప్పుడు విన్నదంటే మిగతావీ విని ఉంటుంది. “ఇంకా ఏమేం వినింది చిన్నమ్మా?” అని అడిగాను.

ఆమె టీ గ్లాసు రెండుసార్లు అటూ ఇటూ జరిపింది. “పోయిన శీతాకాలంలో ఒక రోజు తనే ఫోను కట్ చేసేసింది. ఆ పూట అన్నం తినలే. ఏందక్కా అంటే శానాసేపటికి చెప్పె. నీ మొగుడు ఎవురితోనో అంటాండాడంట. ‘హేమ గొంతు వంటింటికి సరిపోతాదిలే, స్టేజి దాంకా ఎందుకు’ అని.”

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బాబు వచ్చాడు. నేను టీలు ఇస్తున్నాను. తమాషాకే అన్నాడు. మా ఇంట్లో అన్నీ తమాషాకే అంటారు.

“ఆయన అన్నదానికి కాదు బిడ్డా ఆమె ఏడ్చింది” అంది ఖమ్రున్నీసా చిన్నమ్మ. “దానికి నువ్వు గుడక నవ్వినావంట గదా. మా పాప నవ్వు నాకు తెలుసు, అది నవ్వు కాదు, అని అదే మాట రెండు రోజులు అనె.”

అవును, నవ్వాను. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వకపోతే ‘ఏంది, దీనికే కోపమా’ అంటారని ముందే నవ్వేయడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. ఎన్నేళ్లుగానో ఆ నవ్వుతోనే ఇల్లు నెట్టుకొస్తున్నాను. అత్త కూరకు వంకపెడితే నవ్వాను. నేను రాసిన మాటలకు నరేష్ తన పేరు పెట్టుకుంటే నవ్వాను. పులివెందులలో తెర పక్కన చేతులు చల్లబడిపోయి కూడా, సరేలే అంటూ నవ్వాను. నన్ను చూసి నేను సంతోషంగా ఉన్నానని అనుకోని మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. ఆమె ఆ సంగతి నాకు చెప్పకుండానే పోయింది. ఆ సాయంత్రం అమ్మ కుర్చీ కాళ్ల దగ్గర కూర్చుని, ఎవరైనా వింటారని కూడా చూడకుండా, గట్టిగా ఏడ్చాను.

జబ్బు తగ్గినా నా గొంతు మునుపటిలా రాలేదు. పై స్థాయికి పోతే ఊపిరి తెగేది. 2022 మార్చిలో ‘పెన్నొడ్డు’ మళ్ళీ టూరు మొదలుపెట్టింది. ఈసారి పులివెందుల నుంచి సింధూ అని ఒక అమ్మాయిని తీసుకున్నారు. ఇరవై ఏళ్లు, నీళ్లలాంటి గొంతు. పోస్టరు మీద ఆమె ఫొటో ఉంది. అది చూసి నిజంగానే సంతోషించాను. నరేష్ ఆమెను ఇంటికి తీసుకొచ్చి, “హేమా, ఆ ఏటి పాట నేర్పియ్యి. జమ్మలమడుగులో సింధూ పాడతాది” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నీకు ఊపిరి ఆడదు గదా, ఎందుకు కష్టం” అన్నాడు.

“నేర్పిస్తా” అన్నాను. “మిగతా ఊర్లల్లో సింధూనే పాడనీ. జమ్మలమడుగులో మాత్రం నేను పాడతా.”

“నీకేమన్నా పిచ్చా? స్టేజి మీద గొంతు పట్టేస్తే ఏం జేస్తావు? బ్యాండు పరువు ఏం గావాల?”

“పట్టేస్తే పట్టేయనీ. అందరి ముందరే పట్టేయనీ.”

అత్త గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నరేష్ ఏదో తమాషా మాట కోసం వెతుక్కున్నాడు. దొరికింది కూడా, అన్నాడు కూడా. సింధూ నా ముఖం చూసి తల దించుకుంది. నేను అతని వైపు మామూలుగా చూస్తూ, ఆ మాట గదిలో ఒంటరిగా నిలబడి ఆరిపోయేదాకా ఆగాను. “పాడేది నేనే. రాసింది కూడా నేనేనని నువ్వు మైకులో చెప్పాల. చెప్పకుంటే నేనే చెప్పుకుంటా” అన్నాను. ఆ వారం రోజులు అతను నాతో సరిగా మాట్లాడలేదు. కచేరీ రోజు వ్యానులో పులిహోర లేదు. దారిలో హోటల్ దగ్గర ఆపి తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం ఆరింటికి, అదే వీధి చివరి హాల్లో, నరేష్ నా పేరు చెప్పలేదు. “ఇప్పుడు కోరస్ నుంచి మా ఇంటావిడ ఒక పాట” అన్నాడు. నేను మైకు ముందుకొచ్చి, “నా పేరు హేమలత. మంగమ్మ కూతుర్ని. ఈ పాట నాది” అని చెప్పాను. ముందు వరసలో ఖమ్రున్నీసా చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మొదటి చరణం బాగానే వచ్చింది. రెండో చరణం పైకెత్తే చోట, నేను భయపడ్డ చోటే, ఊపిరి అందలేదు. గొంతు చీలి, సగం మాట మీద ఆగిపోయింది. వెనకనుంచి నరేష్ కీబోర్డు మీద వేరే పాట అందుకోవడం వినిపించింది. సింధూ నా వైపు రెండడుగులు వేసింది. నేను చేయెత్తి ఇద్దరినీ ఆపాను. మైకు పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. అది హాలంతా వినబడింది. ఎవరినీ క్షమించమని అడగలేదు. ఎంతసేపు పట్టిందో అంతసేపూ వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఆగిన మాటనే మళ్ళీ ఎత్తుకున్నాను.