డెర్కాచ్ మొదటి చుట్టు

మైరన్ డెర్కాచ్ ఐసు హాకీలో డిఫెన్స్ ఆడతాడు. గోల్ కొట్టేవాళ్ళ పేర్లు ఊళ్ళోని పిల్లల చొక్కాల వీపు మీద ఉంటాయి. గోల్ పడకుండా ఆపేవాళ్ళ పేర్లు వాళ్ళ అమ్మలకు గుర్తుంటే అదే గొప్ప. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఎటునుంచి దూసుకొస్తోందో కనిపెట్టి దానికి అడ్డంగా ఒంట్లో ఏదో ఒకటి పెట్టడం మైరన్ వృత్తి. ఆ వృత్తికి ముక్కు, ముందు పళ్ళు, ఎడమ మోకాలు ఇప్పటికే సమర్పించుకున్నాడు. జుట్టు మాత్రం ఎవరూ కొట్టకుండానే దానంతటదే పోయింది.

ముప్పై ఐదేళ్ళొచ్చినా పెద్ద లీగ్ గడప తొక్కలేదు. కాగితం మిల్లు తప్ప మరోటి లేని పోర్ట్ లోరింగ్‌లో, పెద్ద జట్టుకి మనుషుల్ని తయారుచేసి పంపే చిన్న జట్టులో పాతుకుపోయాడు. ఏటా గడ్డం కూడా సరిగా రాని కుర్రాళ్ళు వచ్చేవారు. ఎప్పుడు ముందుకెళ్ళాలో, ఎప్పుడు కదలకుండా ఉండాలో మైరన్ దగ్గర నేర్చుకుని విమానమెక్కి పెద్ద లీగ్‌కి పోయేవారు. మైరన్ వాళ్ళ వీపులు తట్టి, తిరిగొచ్చి బస్సులో వెనక సీట్లో పడుకునేవాడు.

ఆ కుర్రాళ్ళకి అతను నేర్పినవి చాలా ఉన్నాయిగానీ, వాళ్ళెవరూ జన్మలో మరిచిపోనిది ఒకటే. మొదటి ఆట ఆడబోయేవాణ్ణి "నువ్వే ముందు నడవాలిరా, ఆనవాయితీ" అని అందరికంటే ముందు ఐసు మీదికి పంపుతారు. వాడు నిజమనుకుని ఛాతీ విరుచుకుని దూసుకుపోతాడు. మిగతావాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు. సగం చుట్టు తిరిగాక వాడు వెనక్కి చూసుకుంటే ఒక్క పురుగు ఉండదు. నిండా జనం, మధ్యలో వీడొక్కడు. హాకీ ఆడే ప్రతి ఊళ్ళోనూ ఈ ఆటపట్టింపు ఉంది. పోర్ట్ లోరింగ్‌లో దీనికి పెద్ద మైరనే. గుమ్మానికి అడ్డంగా స్టిక్ పెట్టి, వెనకున్నవాళ్ళని ఆపి, కడుపు పట్టుకుని నవ్వేవాడు.

ఫిబ్రవరిలో పెద్ద జట్టుని జ్వరాలు చుట్టేశాయి. డిఫెన్స్ ఆడేవాళ్ళు ముగ్గురు మంచం పట్టారు. మర్నాడు ఎడ్మంటన్‌లో ఆట. ఒక్క ఆటకే అని చెప్పి మైరన్‌ని రమ్మన్నారు.

ఎడ్మంటన్‌కి కాస్త దూరంలో, వెగ్రెవిల్ దగ్గర్లో ఉన్న తల్లికి ఫోన్ చేశాడు. ఆవిడ పేరు ఒరీసియా.

"అమ్మా, రేపు ఎడ్మంటన్‌లో ఆడుతున్నా. పెద్ద జట్టుకి."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. జ్వరాలు."

"ఎంతమందికి?"

"ముగ్గురికి."

"ముగ్గురు పడకేస్తేగానీ నీ దాకా రాలేదన్నమాట. సరేలే, వస్తా. బంగాళాదుంప కూరి పిరోగీలు చేసి తెస్తా, కాసిని ఆ జ్వరమొచ్చిన వాళ్ళకి కూడా పంపు. పాపం, వాళ్ళ పుణ్యమేగా."

విమానంలో మైరన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆట ఆడతాడు. ఆ ఒంటరి చుట్టు మాత్రం తిరగడు. మోకాలికి పట్టీ కట్టుకునే వయసులో కొత్త పెళ్ళికొడుకులా ఊరేగడమేమిటి? ఒక్క రాత్రికి పిలిచి, "పాపం ముసలాడు, ఓ ముచ్చట తీరుద్దాం" అని జాలిపడితే తను భరించలేడు. తోటి ఆటగాడిలా చూస్తే చాలు. అందరికీ చెప్పాలనుకున్న కారణం ఇది. ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. ఒంటరిగా అంతమంది ముందు నిలబడితే ఏడ్చేస్తానని అతని భయం. చిన్నప్పటినుంచీ కోరుకున్నది ఇన్నాళ్ళకి చేతికందుతుంటే ఏ మనిషికైనా ఏడుపొస్తుంది. కానీ పక్ ముఖానికి తగిలినా ఏడవని మనిషిగా అతనికి పేరుంది, ఆ పేరు తప్ప సంపాదించుకున్నది పెద్దగా ఏమీ లేదు.

ఎడ్మంటన్‌లో బట్టలు మార్చుకునే గదిలో అడుగుపెట్టగానే కెప్టెన్ ఎటియెన్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. క్విబెక్ కుర్రాడు. ఒకప్పుడు మైరన్ నేర్పిన పాఠాలూ, మైరన్ చేసిన అల్లరీ రెండూ తిన్నవాడే.

"రా అన్నా! ఇంకా బతికే ఉన్నావా?"

"నీ ఆట టీవీలో చూశాక కూడా బతికున్నానంటే నాది గట్టి ప్రాణమేరా. ఇదిగో ముందే చెప్తున్నా, ఆ చుట్టు గిట్టు వేషాలు నా దగ్గర వద్దు. అది మీకు నేర్పిందే నేను."

"ఛ ఛ! నీ మీదా? పెద్దమనిషివి. అంత ధైర్యం మాకెక్కడిది?"

వాడి ముఖం మరీ అమాయకంగా ఉండడం మైరన్‌కి నచ్చలేదు. సామాన్లు చూసే గస్ వచ్చి, హెల్మెట్ ఎక్కడ పెట్టానో కనిపించడం లేదని, దొరికేలోపు ఒళ్ళు వేడి చేసుకోవడానికి ఉత్తతలతోనే వెళ్ళమని అన్నప్పుడు అనుమానం రూఢి అయింది. ఆ చుట్టు తిరిగేవాడికి హెల్మెట్ దాచేయడం కూడా మైరన్ పెట్టిన అలవాటే.

ఐసు మీదికి వెళ్ళే సందులో అందరూ వరసగా నిలబడ్డారు. ముందు చోటు ఖాళీగా ఉంది.

"నడువన్నా," అన్నాడు ఎటియెన్.

"కెప్టెన్‌వి నువ్వు. నువ్వు నడువు."

"పెద్దవాళ్ళు ముందు."

"పెద్దవాళ్ళకి కాళ్ళు నొప్పులు. వెనకాల మెల్లగా వస్తారు."

మైరన్ గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లాగారు, కదల్లేదు. తోశారు, కదల్లేదు. కదలకుండా నిలబడడం అతను బతుకంతా చేసిన పనే కదా. చివరికి ఎటియెన్ నిట్టూర్చి, "మొండి మనిషి, వీడితో మన పప్పులుడకవురా, పదండి," అని ముందు నడిచాడు. ఒక్కొక్కరే మైరన్‌ని దాటుకుని ఓడిపోయిన ముఖాలతో బయటికెళ్ళారు. చివర వెళ్ళిన గోలీ, అంటే గోల్ కాసేవాడు, భుజాలెగరేశాడు. మైరన్ లోలోపల మీసం మెలేశాడు.

అందరూ వెళ్ళాక తనూ బయల్దేరాడు. గడప దగ్గర స్కేట్ల వైపు చూసుకుని, ఐసు మీద కాలు పెట్టి, తలవంచుకుని నాలుగు అంగలు వేశాడు. ఐసు గట్టిగా, నున్నగా ఉంది. ఎంత నున్నగా ఉందంటే, దాని మీద ఒక్క గీత కూడా లేదు. తనకంటే ముందు వెళ్ళిన ఇంతమంది గీతలు ఏమయ్యాయి?

తలెత్తి చూశాడు. జట్టు మొత్తం ఐసు మీద కాలు పెట్టకుండా గుమ్మం పక్కనుంచే జారుకుని తమ బెంచీ మీదికెక్కి కూర్చుంది. ఎటియెన్ రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి, గడ్డం కింద చేతులు పెట్టుకుని తీరిగ్గా చూస్తున్నాడు.

పోనీ అవతలి సగంలో ఎదుటి జట్టు ఉంటుంది, వాళ్ళలో కలిసిపోవచ్చని అటు తిరిగాడు. వాళ్ళూ లేరు. వాళ్ళ గుమ్మంలో గుంపుగా నిలబడి ఉన్నారు. ముందు వరసలో వాళ్ళ గోలీ, పోర్ట్ లోరింగ్‌లో రెండేళ్ళు మైరన్ వెనక ఆడినవాడు. పక్కన ఎర్రగడ్డంవాడూ, వాడి పక్కన పొడుగువాడూ అక్కడివాళ్ళే. ఎవరి మొదటి ఆట రోజు ఎవణ్ణి ఎలా బయటికి తోశాడో మైరన్‌కి అన్నీ గుర్తొచ్చాయి. వాళ్ళకీ గుర్తున్నట్టే ఉంది. ఎదురెదురుగా కొట్టుకోవాల్సిన రెండు జట్లూ ఈ ఒక్క విషయంలో ఫోన్ల మీద మాట్లాడుకుని ఏకమయ్యాయి.

మైరన్ పప్పులో కాలేశాడు. ఇక తిరగక తప్పదు. దీపాల కింద బట్టతల మెరుస్తుండగా, పళ్ళు కొరుక్కుంటూ కదిలాడు.

ఎర్రగడ్డంవాడు స్టిక్‌తో ఐసు చుట్టూ ఉన్న చెక్కగోడని కొట్టాడు, ఒకసారి. గోలీ కొట్టాడు. తర్వాత ఇటు బెంచీ, అటు గుమ్మం, అన్ని స్టిక్కులూ కలిసి చెక్కల మీద మోగడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు హాకీలో ఎగతాళికి చెయ్యరు. దెబ్బ తగిలి పడ్డవాడు లేచినప్పుడు చేస్తారు. ఆటనుంచి తప్పుకుంటున్న గొప్పవాడికి చేస్తారు. జనానికి ఈ బట్టతల మనిషి ఎవరో తెలియదు. అయినా ఆటగాళ్ళని చూసి వాళ్ళూ లేచి నిలబడ్డారు.

ఐసుకీ జనానికీ మధ్యనున్న అద్దం వెనక ఒరీసియా పిరోగీల డబ్బా చంకలో పెట్టుకుని, పక్కవాడి భుజం మీద గుద్దుతూ ఏదో చెబుతోంది. వినపడకపోయినా ఏమంటోందో మైరన్‌కి తెలుసు: ముగ్గురు పడకేస్తేగానీ, అని. చెబుతూనే ఆవిడ ఏడుస్తోంది. మైరన్ కూడా ఏడ్చాడు. భయపడ్డట్టే అయింది. ముఖం దాచుకుందామంటే హెల్మెట్ కూడా లేదు.

చుట్టు పూర్తయింది. ఎటియెన్ బెంచీ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అయిపోయిందన్నా. రా, లోపలికి రా. ఇంకేం అననులే."

మైరన్ తలుపు వైపు చూశాడు. చూసి, దాన్ని దాటి ముందుకెళ్ళిపోయాడు.

"ఓయ్! ఎక్కడికి?" ఎటియెన్ అరిచాడు. "ఒక్క చుట్టే! మేం కూడా ఒళ్ళు వేడి చేసుకోవాలి!"

"ముసలోడా, దిగు!" అని అవతలి గుమ్మంలోంచి గోలీ కేక పెట్టాడు.

మైరన్‌కి అన్నీ వినపడ్డాయి. ఇన్నేళ్ళూ వీళ్ళందరికోసం తను ఆగాడు, తనకోసం వీళ్ళు ఇంకొక్క నిమిషం ఆగితే కొంపలేం మునగవు అనుకుని, మలుపు దగ్గర ఇంకాస్త వేగం పెంచాడు.