ఏసా పెద్దాయన జాడ తీసిన రోజు

సెప్టెంబరు చివరి శనివారం ఊరి ఇసుక గుంట దగ్గర విలుకాళ్ల పరీక్ష జరిగింది. ఊరి ఉమ్మడి అడవిలో జింకల్ని వేటాడాలంటే ఎంతటివాడైనా సరే, ఏటేటా ఇరవై గజాల దూరం నుంచి ఐదు బాణాలు వేసి, పళ్లెమంత వలయంలో నాలుగైనా నాటాలి. లేకపోతే ఆ ఏడు వేట అనుమతి చీటీ ఇవ్వరు. ఆ నియమం రాయించింది ఏసా స్ప్రేగ్. అమలు చేయాల్సింది థియా లోవెల్, ఆ అడవి బాగోగులు చూసే ఊరి ఉద్యోగి.

ఏసాకి డెబ్భై ఎనిమిదేళ్లు. పదకొండేళ్ల కిందట జింకలు విపరీతంగా పెరిగి, ఓక్ మొలకన్నది తలెత్తకుండా కొరికేస్తుంటే, ఊరి సభలో లేచి నిలబడి, "తుపాకులొద్దు, ఇళ్లు దగ్గర. విల్లు పట్టినవాళ్లని కొద్దిమందిని, పద్ధతిగా పంపండి" అని ఒప్పించినవాడు ఆయనే. జింక అడుగు చూసి అది ఎంతసేపటి కిందటిదో చెప్పడం థియాకి నేర్పింది కూడా ఆయనే.

ఆ రోజు విల్లు లాగుతుంటే ఆయన భుజం వణికింది. మూడు బాణాలు వలయం లోపల దిగాయి. నాలుగోది గీతను రాసుకుంటూ దిగింది. ఐదోది ఇసుకలోకి పోయింది.

థియా వెళ్లి వంగి చూసింది. నాలుగోది లోపలంటే లోపల, బయటంటే బయట.

"ఇది లోపలే, ఏసా గారూ" అంది.

ఆయన కళ్లద్దాలు సర్దుకొని చూశాడు. "చిన్నప్పట్నుంచీ నీకు అబద్ధమాడ్డం చేతకాదమ్మాయ్. బయటే ఉంది. రాయి."

"వచ్చే వారం ఇంకోసారి వేయండి."

"వచ్చే వారానికి నా వయసు తగ్గుద్దా? ఇక్కడ గీత మీద బాణమంటే, అక్కడ జింక పొట్టలో బాణం, గంటలకొద్దీ గిలగిలలాడి చస్తుంది. రాయమంటుంటే!"

థియా ముక్కు ఎగబీలుస్తూ 'బయట' అని రాసింది. ఆయన విల్లు తీసుకెళ్లి బండిలో పెట్టుకొని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అక్టోబరు మూడో వారంలో ఒక ఉదయం రూయి మెడైరోస్ ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో నర్సు, వేటకి రావడం అదే మొదటి ఏడు. ఏడుస్తూనే జరిగింది చెప్పాడు. బాణం తగిలింది, జింక పరుగెత్తింది, నెత్తుటి జాడ రాతిగోడ దాకా వెళ్లి ఆగిపోయింది. గోడ అవతల హెస్టర్ డన్నింగ్ స్థలం. వేట ఆపించాలని ఏటా సభలో గొడవపడేది ఆవిడే. ఆవిడ సరేననకుండా గోడ దాటడానికి వీల్లేదు.

థియా నేరుగా ఏసా ఇంటికి వెళ్లింది.

"నాకు చీటీ లేదుగా" అన్నాడాయన తలుపు సందులోంచి.

"జాడ తీయడానికి చీటీ ఎందుకు? కళ్లుంటే చాలు."

"రూయి కళ్లకేమైంది?"

"ఏడుస్తున్నాయి."

ఏసా కోటు అందుకున్నాడు.

ముగ్గురినీ గుమ్మంలో చూసి హెస్టర్ మండిపడింది. "మీ కసాయి మూక నా ఇంటిదాకా వచ్చిందా?"

ఏసా టోపీ తీశాడు. "బాణం తగిలిన జింకొకటి మీ స్థలంలోకి వచ్చిందమ్మా. బతికుంటే దాని బాధ తీర్చాలి. పోయుంటే ఊరికే కుళ్లనివ్వకూడదు. మీరు వద్దంటే ఇటునుంచిటే వెళ్లిపోతాం."

"నీ విల్లేది?"

"లేదు. ఇక పట్టను కూడా."

ఆవిడ బూట్లు తొడుక్కుంది. "నేనూ వస్తా. ఏం చేస్తారో కళ్లారా చూస్తా."

ఏసా గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చొని, రాలిన ఆకుల్ని ఒక్కొక్కటే తిరగేశాడు. ఆవగింజంత ఎర్రటి చుక్క కనబడింది. "ఇక్కడ నిలబడండమ్మా. తర్వాతది దొరికేదాకా కదలకండి" అన్నాడు హెస్టర్‌తో. ఆవిడ గొణుక్కుంటూనే నిలబడింది. అలా చుక్క నుంచి చుక్కకి నడిచారు. ఒకచోట ఆయన ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"అదుగో, ఆ ఫెర్న్ మొక్క మీద!" అంది హెస్టర్.

"నాకంటే మీ కళ్లే నయం."

పడిపోయిన బర్చ్ చెట్టు వెనక జింక నిద్రపోతున్నట్టు పడి ఉంది. రూయి నేలమీద చతికిలబడ్డాడు. ఏసా దాని పక్కటెముకలు తడిమి చూశాడు. "ఊపిరితిత్తుల్లో దిగింది. ప్రాణం పోవడానికి నిమిషం కూడా పట్టుండదు. బాగానే వేశావు నాయనా, ఏడవకు."

హెస్టర్ వంగి జింక మెడ మీద చెయ్యి వేసింది. "ఇంకా వెచ్చగానే ఉంది." చెయ్యి తీసి, "నాకు ఈ వేట ఎప్పటికీ నచ్చదు" అంది.

"నచ్చక్కర్లేదమ్మా" అన్నాడు ఏసా. "ఈ ఘడియ నాకూ ఎన్నడూ నచ్చలేదు."

తిరిగొచ్చేటప్పుడు రూయి, థియా జింకను లాక్కొచ్చారు. ఏసా మోకాళ్లు మొరాయిస్తే హెస్టర్ తన చెయ్యి అందించింది.

వారం తర్వాత థియా ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. గాయపడ్డ జింకల్ని తన స్థలంలో వెతుక్కోవచ్చని హెస్టర్ సంతకం చేసింది. కింద ఇలా రాసింది: "ఏసా స్ప్రేగ్ తోడొస్తేనే. ముందు తలుపు కొట్టాలి. పోయేముందు కాఫీ తాగి పోవాలి."

థియా దాన్ని తీసుకెళ్లి ఏసాకి చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఆవిడ కాఫీ ఎలా తగలడుద్దో ఏమో" అని సణిగాడు. తర్వాత గొంతు సవరించుకొని, "ఈ ఏడు ఎంతమంది విలుకాళ్లు?" అని అడిగాడు.

"పద్దెనిమిది మంది."

"అందరికీ నా ఫోన్ నంబరు ఇచ్చెయ్యమ్మాయ్. జాడ తప్పితే తొక్కి పాడుచెయ్యకుండా ముందు నన్ను పిలవమను."