ఆదిలక్ష్మమ్మ వెనక సముద్రం

పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరసకి తెల్లారేది సూర్యుడి వల్ల కాదు, ఆదిలక్ష్మమ్మ గొంతు వల్ల. ఆమె ‘నెత్తళ్ళో’ అని ఒక్క కేక వేసిందంటే హార్బర్లో లంగరేసిన ఓడలు రెండడుగులు వెనక్కి జరిగేవి. కావాలంటే పోర్టువాళ్ళని అడగండి. వాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి. గోనెపట్టా పరవడం, నెత్తళ్ళు ఒక కుప్ప, రొయ్యపప్పు ఒక కుప్ప పొయ్యడం, పక్కన నిమ్మకాయలమ్మే కరీమున్నీసాతో ఒకే గ్లాసు టీని చెరిసగం తాగడం, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఊరందరి మంచీచెడ్డా తేల్చిపారెయ్యడం. ముప్పయ్యేళ్ళుగా ఇదే వరస.

ఆదిలక్ష్మమ్మని ఎవరు ఫొటో తీసినా వెనక సముద్రం వస్తుంది. గోడ ముందు నిలబెట్టినా అంతే, గుళ్ళో నిలబెట్టినా అంతే. పెళ్ళి ఫొటోలో పురోహితుడి పంచె మోకాళ్ళదాకా తడిసి ఉంటుంది. ఆధార్ కార్డులో చెవి పక్కన చిన్న అల ఉంటే, రేషన్ డీలరు ఆ అలని చూసే ఆమెని గుర్తుపడతాడు. అది మన విశాఖ సముద్రమే. ఇక్కడ పోటొస్తే ఫొటోలోనూ పోటే. ఇక్కడ ఆటుకి నీళ్ళు వెనక్కి పోతే ఫొటోలోనూ పోతాయి, ఉత్త ఇసుక మిగులుతుంది. ఆమె అమ్మమ్మకీ ఇలాగే ఉండేది. మనవరాలు ఆదిలక్ష్మమ్మ పుట్టిన ఘడియలోనే ఆ ముసలామెకి ఆగిపోయింది. ఆ తర్వాత తీసిన ఫొటోలో ఆమె వెనక గోడా, గోడకి తగిలించిన జల్లెడా తప్ప మరేం లేవు. మధ్యలో తల్లిని తప్పించి, అమ్మమ్మ నుంచి మనవరాలికి దిగే సొత్తు అది. దానితో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, సౌదీ వీసా కావలసి వచ్చేదాకా.

ఆదిలక్ష్మమ్మ కూతురు పుష్ప జెద్దాలో నర్సు. అల్లుడు గోపి అక్కడే ఏసీల కంపెనీలో సూపర్‌వైజరు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కడుపు నిలిచింది. ఆరో నెల రాగానే డాక్టర్లు మంచం దిగొద్దన్నారు, విమానం మాటే ఎత్తొద్దన్నారు. గోపి డ్యూటీకి పోతే పుష్పకి గ్లాసుడు మంచినీళ్ళు అందించే మనిషి లేదు. ఫోన్లో పుష్ప ఏడవలేదు. “పురుటికి నువ్వుండాలమ్మా, వచ్చీ” అంది, అంతే. ఆ రోజు ఆదిలక్ష్మమ్మ కేక వెయ్యలేదు. మార్కెట్టుకి పొద్దెక్కినా తెల్లారలేదు.

ద్వారకా నగర్లో ట్రావెల్ ఏజెంటు దేవీప్రసాద్ ఆఫీసులో ఒక గోడకి కాబా పటం, ఎదురు గోడకి సింహాద్రి అప్పన్న పటం ఉంటాయి. మక్కాకి ఉమ్రా యాత్రకెళ్ళేవాళ్ళూ, గల్ఫ్ పనులకెళ్ళేవాళ్ళూ అందరూ ఆ మెట్లే ఎక్కాలి. అతను ఊపిరి తియ్యకుండా జాబితా చదివాడు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. అక్కడ ఉండనిచ్చే కార్డు, అదే అకామా, గోపిది చెల్లుతూ ఉండాలి. అతని పేరున పిలుపు రావాలి. తల్లీకూతుళ్ళని రుజువు కావాలి. ఇన్సూరెన్సు కావాలి. హైదరాబాదు వీసా సెంటర్లో వేలిముద్రలివ్వాలి, అక్కడే ఫొటో దిగాలి. ఆ ఫొటో వెనక తెల్లగా ఉండాలి.

అన్నిటికీ తలాడించిన ఆదిలక్ష్మమ్మ చివరిదానికి ఆడించలేదు.

“పాస్‌పోర్టు ఫొటోకి ఎలా దిగావమ్మా మరి?” అన్నాడు దేవీప్రసాద్.

ఆటు లెక్కగట్టి వెళ్ళిందట. వెనక ఎండిన ఇసుక తెల్లగానే కనిపించి ఆఫీసరు ఊరుకున్నాడు. ఈసారి టైము మన చేతిలో ఉండదని, కంప్యూటరు ఎప్పుడు రమ్మంటే అప్పుడేనని అతను చెప్పాడు.

ఆదిలక్ష్మమ్మ పక్కనే, అదే బెంచీ మీద కరీమున్నీసా తన ఉమ్రా కాయితాలతో కూర్చుని ఉంది. ఆమె వీసా రెండు రోజుల్లో వచ్చేసింది. ఆదిలక్ష్మమ్మ ఆ వీసాని చూసింది, స్నేహితురాల్ని చూసింది.

“నన్ను కూడా ఆ ఉమ్రాకే రాసీ బాబూ. తలమీద ముసుగేసుకుంతాను. ఎవుడికి తెలుస్తాది?”

దేవీప్రసాద్ నోరు తెరిచేలోపు కరీమున్నీసా అందుకుంది. “అబద్దం కప్పుకుని అల్లా ఇంటికెల్తావేటే? నా పక్కన నువ్వు దొంగలా నిలబడితే నా ముప్పయ్యేళ్ళ మొక్కేటవ్వాలి?”

“అయితే నా అల్లుడి పేరునే రాసీ బాబూ” అంది ఆదిలక్ష్మమ్మ.

వీసా సెంటర్ నుంచి మొదటి పిలుపు వచ్చింది, పొద్దున్న తొమ్మిదీ నలభైకి రమ్మని. వేళ్ళు మడిచి చూసుకుంది, సరిగ్గా ఆటు. ఆనందంతో రైలెక్కి, విజయవాడ దాకా బోగీలో అందరికీ రొయ్యపప్పు పంచింది. హైదరాబాదులో సముద్రం లేదు కదా అంటారేమో. ఆమె వెనకదానికి ఆ సంగతి తెలియదు. సెంటర్లో క్యూ మాత్రం మధురవాడ నుంచి గాజువాక దాకా ఉన్నంత ఉంది. తొమ్మిదీ నలభై పదకొండయింది, పదకొండు ఒకటిన్నరయింది. ఆమె కుర్చీలో కూర్చుని నీళ్ళెక్కడిదాకా వచ్చి ఉంటాయో లెక్కపెట్టుకుంటూనే ఉంది. వేలిముద్రలు చక్కగా పడ్డాయి. ఫొటో తీస్తే వెనక నడుములోతు నీళ్ళు, దూరంగా ఒక పడవ.

కౌంటరు అమ్మాయి విసుక్కోలేదు, ఆశ్చర్యపోనూ లేదు. “నీలం ఒప్పుకోరమ్మా. పడవ అసలే ఒప్పుకోరు” అని, మళ్ళీ పిలుపు వచ్చేదాకా ఆగమంది.

“నా కూతురు ఆగొద్దా తల్లీ?”

“తరవాతి టోకెన్” అంది ఆ అమ్మాయి.

విశాఖ వచ్చాక ఫొటో స్టూడియో మోహనకృష్ణ దగ్గరికెళ్ళింది. అతను ఒక పూటంతా కూర్చుని కంప్యూటర్లో సముద్రాన్ని తుడిచాడు. అచ్చులు కవర్లో పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి కవరు తడిసి ముద్దయింది, అడుగున రెండు పీతపిల్లలు ఉన్నాయి. అయినా బయటి ఫొటో పనికిరాదని, అక్కడ దిగిందే కావాలని దేవీప్రసాద్ అన్నాడు. ఆమె ఏం చేస్తుంది? పొద్దున్నే మార్కెట్టుకి పోవడం, మధ్యాహ్నం ద్వారకా నగర్ మెట్లెక్కడం, ‘ఇంకా రాలేదమ్మా’ అనిపించుకుని దిగడం. ఆ మెట్లు ఆమె కాళ్ళకింద అరిగిపోయి మూడు మెట్లు రెండయ్యాయి.

ఈలోగా కరీమున్నీసా ప్రయాణం వచ్చింది. ఆదిలక్ష్మమ్మ బాలింత కారం దంచి, మూటగట్టి ఇచ్చింది. అందులో గసగసాలేమైనా ఉన్నాయా అని కరీమున్నీసా నాలుగుసార్లు అడిగింది. అక్కడ గసగసాలతో దొరికితే జైలేనని దేవీప్రసాద్ భయపెట్టాడు మరి. లేవని ఆదిలక్ష్మమ్మ కూతురి మీద ఒట్టేసింది.

“నా మొక్కు తీరినాక పుష్పని సూసొత్తాను. నీ సేతి కారం తినిపిత్తాను” అంది కరీమున్నీసా.

“నా సెయ్యి కూడా మూటగట్టుకుని పోవే” అంది ఆదిలక్ష్మమ్మ.

రెండో పిలుపు వచ్చేటప్పటికి పుష్పకి ఎనిమిదో నెల. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, పొద్దున్న పదికి రమ్మన్నారు. ఈ లెక్కకి వేళ్ళు మడవక్కర్లేదు. నిండు పోటు. రోడ్డుదాకా నీళ్ళు తన్నే రోజు. మార్చమని దేవీప్రసాద్ కంప్యూటర్ని బతిమాలాడు, తిట్టాడు, అగరొత్తి కూడా చూపించాడు. ఇది వదిలితే ఇంక నెలన్నర దాకా లేదని అది చెప్పింది. పనికిరాదని తెలిసీ ఆదిలక్ష్మమ్మ రైలెక్కింది. ఈసారి బోగీలో ఎవరికీ ఏమీ పంచలేదు.

సెంటరు బయట అరలో ఫోను పెట్టించుకున్నారు. ఎప్పుడూ లేనిది సరిగ్గా పది గంటలకే పిలిచారు. ఆమె తెర ముందు కూర్చుని, అల మీద పడబోతున్నట్టు భుజాలు ముడుచుకుంది. కెమెరా క్లిక్కుమంది.

“ఓకే అమ్మా. బాగా వచ్చింది” అంది అదే అమ్మాయి.

ఆదిలక్ష్మమ్మ లేవలేదు. “నీళ్ళేవీ?” అంది.

అమ్మాయి మానిటర్ని ఇటు తిప్పింది. ఆదిలక్ష్మమ్మ ముఖం, ముఖం వెనక తెలుపు. పిండిలా, సున్నంలా, ఏ మచ్చా లేని తెలుపు. అలా తనని తను అరవై ఏళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు. అమ్మమ్మ ఫొటో కళ్ళముందుకొచ్చింది. గోడ, గోడకి జల్లెడ. అమ్మమ్మకి నీళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో గుర్తొచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

అరలోంచి తీసిన ఫోన్లో పద్నాలుగు పిలుపులున్నాయి, అన్నీ గోపివే. తిరిగి చేస్తే ఎత్తింది గోపి కాదు, కరీమున్నీసా.

“ఆడపిల్లే ఆదమ్మా. నెల ముందే వొచ్చీసింది. అద్దాలపెట్టిలో ఎట్టినారు గానీ ఏటీ భయం నేదంట. పుష్ప బాగుంది. మక్కా నుంచి మొక్కు తీరుసుకుని రాత్రే వొచ్చినాను, అంతలోకే నొప్పులు. నువ్వుండాల్సిన సోట నాను కూకున్నాను. నీ పేరెట్టి నా సెయ్యి పిండీసింది నీ కూతురు.”

వెనకాలే ఫొటో వచ్చింది. అద్దాలపెట్టి, అందులో గుప్పెడంత పిల్ల. పిల్ల వెనక నిండు పోటు మీదున్న విశాఖ సముద్రం.

వీసా ఆరు రోజుల్లో వచ్చింది. పురుడు దాటిపోయాక వచ్చిన ఆ కాయితాన్ని ఆదిలక్ష్మమ్మ చాలాసేపు చూసి, చీర కొంగున తుడిచి సంచిలో పెట్టుకుంది. తొంభై రోజులు చెల్లుతుంది. జెద్దాలో దిగి, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంటే తువ్వాలు ఉప్పువాసన వేసింది.

మిగిలింది పిల్ల పాస్‌పోర్టు. అది లేకపోతే అకామా రాదు, అకామా లేకపోతే పిల్ల కదలడానికి లేదు. ఫొటో ఇప్పటికే ఒకసారి తిప్పికొట్టారు, వెనక తెల్లగా లేదని. ఇలాంటి పిల్లకి బయటి ఫొటో వద్దని, తమ కళ్ళముందే తియ్యాలని కాన్సులేటువాళ్ళు అన్నారట. జెద్దా సముద్రానికి పోటూ ఆటూ పెద్దగా ఉండవు. కానీ పిల్ల వెనకది ఆ సముద్రం కాదు కదా.

ఒక సాయంత్రం గోపి పరుగున వచ్చాడు. పిలుపు వచ్చిందట, గురువారం పదకొండూ నలభైకి. ఇది వదిలితే మళ్ళీ ఎప్పుడో తెలియదట.

విశాఖలో అప్పుడు ఎంతవుతుందో తెలియడానికి ఆదిలక్ష్మమ్మ దానికి రెండున్నర గంటలు కలుపుకుంది. వేళ్ళు మడిచింది. తప్పేమోనని మళ్ళీ విప్పి మడిచింది. ఉమ్రా నుంచి తిరిగెళ్ళి మళ్ళీ మార్కెట్లో ఉన్న కరీమున్నీసాకి ఫోన్ చేసి ఇవాళ నీళ్ళు ఎప్పుడు నిండాయో అడిగింది. జవాబు విని, ఆ రోజునుంచి గురువారం దాకా రోజుకి ముప్పావు గంట చొప్పున జరుపుకుంటూ పోయింది. చివరి వేలు మడిచాక చెయ్యి అలాగే ఉంచేసింది.

గోపి ఆ చేతినే చూస్తున్నాడు. “ఏటత్తా? ఏటంతాది లెక్క?”

ఆమె ఒళ్ళో పిల్లని కొంచెం పైకి జరుపుకుంది.

“ఏటీ నేదు బాబూ. పిల్లకి ఇంకో జత పొడిబట్టలు పట్టుకో.”